బేరియాట్రిక్ సర్జరీ తర్వాత చిన్న భోజనానికి అలవాటు పడే తీరు

బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చినవారిని చూడవచ్చిన చుట్టాలు మొదట అడిగే మాట, ఇంత కొంచెం తిని మనిషి ఎట్లా నిలబడతాడు అని. నిజానికి ఆ రోజుల్లో తక్కువ తినడం కష్టం కాదు, ఎక్కువ తినబోతే కడుపే ఒప్పుకోదు. కష్టమంతా ఆ కొంచెంలో ఏం పెట్టుకోవాలి, దేని తర్వాత ఏది తినాలి, ఎంత నిదానంగా తినాలి అన్న మూడింటిలో ఉంది. మన వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు ఇళ్లలో కంచంలో ముందు అన్నం పడుతుంది, కూర దానికి తోడుగా వస్తుంది, చివర పెరుగో మజ్జిగో ఉంటుంది. ఆపరేషన్ తర్వాత ఇదే భోజనాన్ని కొలత తగ్గించి తింటే మేలు జరగదు. వడ్డన వరుసనే తిరగేయాలి. హనుమకొండలో ఇలాంటివారికి ఆహార నియమాలు చెప్పే పనిలో ఉన్నాను గనుక, ఎక్కువమంది ఎక్కడ తడబడతారో చూసి ఈ వివరాలు రాస్తున్నాను. ఆపరేషన్ చేసిన ఆసుపత్రివారు ఇచ్చిన ఆహార పట్టికలో దీనికి భిన్నంగా ఏదైనా ఉంటే ఆ పట్టికనే పాటించండి. మీ ఆపరేషన్ రకం, మీకున్న ఇతర జబ్బులు, మీరు వాడే మందులు తెలిసినవారు వారే.

లోపల ఏం మారింది

స్లీవ్ ఆపరేషన్‌లో కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం భాగాన్ని తీసివేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంగా ఉంచుతారు. అందులో మొదట్లో 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడితే ఎక్కువ. బైపాస్‌లో కడుపు పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి తయారుచేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. తిన్నది మిగతా కడుపులోకి, చిన్నపేగు మొదటి భాగంలోకి వెళ్లకుండానే ముందుకు పోతుంది. అందుకే బైపాస్ వారికి ఇనుము, కాల్షియం, బి12 వంటివి ఒంటికి పట్టడం బాగా తగ్గుతుంది.

స్లీవ్‌లో తీసివేసే భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది. కాబట్టి మొదటి కొన్ని నెలలు చాలామందికి ఆకలే తెలియదు. ఇది మంచి సంగతే అనుకుని పూటలు దాటవేసేవారు ఉంటారు. తిండి అందని శరీరం కొవ్వుతో పాటు కండను కూడా కరిగించుకుంటుంది; నీరసం, కాళ్లు లాగడం, జుట్టు రాలడం దాని వెంటే వస్తాయి. ఆకలి వేసినప్పుడు తిందామని ఆగకుండా గడియారం చూసి తినడం ఈ దశలో మొదటి నియమం.

కడుపు నిండిన గుర్తు కూడా మారుతుంది. ఇదివరకటిలా పొట్ట బరువెక్కదు. రొమ్ము ఎముక కింద చిన్న ఒత్తిడి, ఒక ఎక్కిలి, ముక్కు కారడం, తుమ్ము, నోట్లో నీళ్లూరడం, వీటిలో ఏదో ఒకటి వస్తుంది. ఎవరి గుర్తు వారిది, రెండు మూడు వారాల్లో పట్టుబడుతుంది. ఆ గుర్తు రాగానే చేతిలో ఉన్న ముద్దను కూడా కంచంలో వదిలేయాలి. అన్నం పారేయకూడదని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్లం గనుక ఇది మనసుకు కష్టంగానే ఉంటుంది. అందుకే ముందే తక్కువ పెట్టుకోవాలి, కావాలంటే మళ్లీ పెట్టుకోవచ్చు. ఆ ఒక్క ముద్ద బలవంతాన మింగితే ఛాతీలో నొప్పి, నురుగులాంటి లాలాజలం, చివరికి వాంతి.

మొదటి ఎనిమిది వారాలు

ఆసుపత్రిని బట్టి రోజులు కాస్త అటూఇటూ అవుతాయి గానీ మెట్లు దాదాపు అందరికీ ఒకటే. మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లు, వడగట్టిన తేట ద్రవాలు. ఆ తర్వాత రెండో వారం ముగిసేదాకా పాలు, మజ్జిగ, ప్రొటీన్ పొడి కలిపిన పానీయాలు. మూడు, నాలుగు వారాల్లో ముక్క తగలకుండా మెదిపిన ఆహారం. అయిదు నుంచి ఎనిమిదో వారం దాకా మెత్తటి ముక్కలు. అక్కడి నుంచి మెల్లగా మామూలు తిండి. లోపల కుట్లు మానడానికి ఈ గడువు కావాలి. పదో రోజున ఒంట్లో హుషారుగా ఉందని ఇడ్లీ తినేయడం ధైర్యం అనిపించుకోదు, కుట్ల దగ్గర లీకయ్యే ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమే.

ద్రవాల దశలో మన వంటింట్లో దొరికేవి చాలానే ఉన్నాయి. ఉడికిన పెసరపప్పు మీది కట్టును వడగట్టి కొద్దిగా ఉప్పు వేసి తాగవచ్చు. రాగి అంబలి పలుచగా కాచి వడగట్టవచ్చు, కానీ అందులో పిండిపదార్థమే ఎక్కువ. వెన్న తీసిన పాలో, ప్రొటీన్ పొడో కలిపితేనే అది ఈ దశకు పనికివస్తుంది. ప్రొటీన్ పొడిని బాగా వేడిగా ఉన్నదానిలో వేస్తే గడ్డకడుతుంది గనుక గోరువెచ్చగా అయ్యాకే కలపాలి. చికెన్ షోర్వా మంచిదే, ముక్కలు తీసేసి, పైన తేలిన నూనెను తీసి, గుడ్డతో వడగట్టాలి. మేక కాళ్ల షోర్వా తాగిస్తే బలం వస్తుందని పెద్దలు ప్రేమగా చేసి పెడతారు. అది తాగవచ్చు గానీ అందులో ఉండేది ఎక్కువగా జెలటిన్. శరీరానికి తప్పనిసరైన అమైనో ఆమ్లాల్లో ట్రిప్టోఫాన్ అందులో ఉండదు. కాబట్టి దాన్ని ఆ రోజు ప్రొటీన్ లెక్కలో వేసుకోకూడదు.

మెదిపిన ఆహారం మొదలయ్యాక మెత్తగా ఉడికించిన పెసరపప్పు, పాలు పోసి సన్నని మంట మీద కలిపిన గుడ్డు, గుడ్డలో కట్టి నీళ్లు దించిన గట్టి పెరుగు, ఆవిరి మీద ఉడికించి మెదిపిన చేప బాగా కుదురుతాయి. చేపల్లో కొర్రమీను మేలు. ముళ్లు తక్కువ, కండ మెత్తన, మన చెరువుల పక్కనున్న ఊళ్లలో తాజాగా దొరుకుతుంది. మెత్తటి ముక్కల దశలో పనీర్ తురుము, బాగా ఉడికిన చికెన్ కీమా, బీరకాయ, సొరకాయ చేరతాయి. మటన్ ముక్కకు మాత్రం తొందరపడవద్దు. దాని పీచు నమిలినా సరిగా నలగదు, గొంతు దిగాక అడ్డం పడేవాటిలో అదే ముందుంటుంది. మూడు నెలలు దాటాక కీమాగా మొదలుపెట్టడం మంచిది.

కారం సంగతి విడిగా చెప్పాలి. ఎనుమాముల మిర్చి మార్కెట్ ఉన్న ఊరివాళ్లం, కారం లేని కూర మనకు నోటికి పట్టదు. అయితే కొత్త కడుపుకు ఘాటు, పులుపు రెండూ మంట పుట్టిస్తాయి, ముఖ్యంగా స్లీవ్ చేయించుకున్నవారిలో పులితేన్పులు ఎక్కువ. మొదటి నెల కారం పూర్తిగా మానేసి, తర్వాత చిటికెడుతో మొదలుపెట్టాలి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిరపకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. కూర ఎర్రగా కనిపిస్తే తప్ప తిన్నట్టు అనిపించనివారు ఆ కారం కొద్దిగా వాడుకోవచ్చు. పచ్చిపులుసు, పుంటికూర పచ్చడి రెండో నెల దాటేదాకా ఆగాలి.

ఒక పూట భోజనం ఎలా సాగాలి

నర్సంపేట వైపు నుంచి వచ్చే ఒక పెద్దమ్మ మూడో నెలలో మధ్యాహ్న భోజనం చేసే తీరు చూశాను. మిగతావారికి చెప్పేటప్పుడు నేను దాన్నే వివరిస్తాను. పెద్ద స్టీలు కంచం పక్కన పెట్టి, మనవరాలికి టిఫిన్ పెట్టే చిన్న ప్లేటు తీసుకుంటుంది. అందులో ఉడికించిన కోడిగుడ్డు నాలుగు ముక్కలు, గట్టి పప్పు రెండు చెంచాలు, బీరకాయ కూర ఒక చెంచా, ఒక మూలకు పిడికిట్లో సగం కూడా లేని మెత్తటి అన్నం. ఫోను పక్కగదిలో పెట్టి కూర్చుంటుంది. గుడ్డు ముక్కను గోరంత తుంచి నోట్లో వేసుకుని, చెయ్యి ప్లేటు మీది నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంటుంది. నమలడం పూర్తయి మింగాక ఆ చెయ్యి మళ్లీ లేస్తుంది. గుడ్డు అయ్యాక పప్పు, పప్పు తర్వాత కూర. అన్నం దగ్గరికి వచ్చేసరికి ఒక్కోరోజు ముక్కు కారడం మొదలవుతుంది, అంతే, ఆ అన్నం ప్లేటులోనే మిగిలిపోతుంది. ఆమె దాన్ని లోటుగా భావించదు. తినవలసినది అప్పటికే తినేసింది.

ఇందులో ఉన్న నియమాలన్నీ అందరికీ వర్తిస్తాయి. ప్రొటీన్ ముందు, కూరగాయ తర్వాత, అన్నమో రొట్టెనో చివర. ఒక్కో ముద్దను 20 నుంచి 30 సార్లు నమలాలి. నోట్లోనే అది గుజ్జు కావాలి, ఎందుకంటే ఇదివరకు ఆ పని చేసిపెట్టిన పెద్ద కడుపు ఇప్పుడు లేదు. భోజనానికి 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి. అయిదు నిమిషాల్లో ముగిస్తే నిండిన గుర్తు అందేలోపే హద్దు దాటిపోతాం. అరగంట దాటి గంటసేపు కూర్చుంటే కడుపు ఒకవైపు ఖాళీ అవుతూ మరోవైపు నిండుతూ, లెక్కకు మించి తినేస్తాం. చేత్తో తినడం అలవాటున్నవారు చెంచాకు మారనక్కరలేదు, వేళ్ల కొసలతో మాత్రమే తుంచుకుంటే చాలు; అయిదు వేళ్లూ కలిపితే వచ్చే ముద్ద ఈ కడుపుకు చాలా పెద్దది.

అన్నం, చారు, మజ్జిగ

తినేటప్పుడు నీళ్లు తాగకూడదని, తిన్నాక కనీసం 30 నిమిషాలు ఆగాలని ప్రతి ఆసుపత్రిలోనూ చెబుతారు. మనవాళ్లు ఆ మాట నిష్ఠగా పాటిస్తారు, గ్లాసు ముట్టుకోరు. కానీ అన్నంలో గరిటెడు పప్పుచారు పోసుకుంటారు, చివర మజ్జిగ కలుపుకుంటారు. కడుపుకు గ్లాసులో నీళ్లకూ చారులో నీళ్లకూ తేడా తెలియదు. ద్రవం కలిసిన అన్నం జారుడుగా దిగిపోతుంది, చిన్న కడుపులో నిలవదు, నిండినట్టు అనిపించదు, రెండు గంటలకే మళ్లీ ఏదో తినాలనిపిస్తుంది. చారన్నం సునాయాసంగా దిగుతోందని సంతోషించి దాని మీదే రోజులు గడిపేవారు రెండో నెలకల్లా నీరసపడి నా దగ్గరికి వస్తారు, అందుకే ఈ విషయాన్ని ఇంత నొక్కి చెబుతున్నాను.

చారు మానేయాల్సిన పనిలేదు. దాన్ని భోజనంలోంచి తీసి, సాయంత్రం నాలుగు గంటలకు చిన్న గ్లాసులో విడిగా తాగాలి. మజ్జిగ కూడా అంతే, పొద్దున పదకొండు గంటల వేళకు బాగుంటుంది. భోజనంలో పప్పును చెంచా నిలబడేంత గట్టిగా వండుకోవాలి. అన్నం మెత్తగా ఉడికి విడివిడిగా ఉండాలి. జిగురుగా ముద్దకట్టిన అన్నం లోపల గడ్డలా ఆగిపోతుంది. చాలామందికి మొదటి మూడు నెలలు అన్నం కంటే పెసరట్టు ముక్కే హాయిగా సరిపోతుంది, పైగా అందులో ప్రొటీన్ ఉంది. జొన్నరొట్టె కావాలనుకునేవారు రెండు మూడు నెలల తర్వాత, పెనం మీది నుంచి తీసిన వేడి రొట్టెలో పొరను వదిలి మెత్తటి భాగం చిన్న ముక్క తీసుకుని, గట్టి పప్పులో నానబెట్టి తినాలి. చల్లారి ఎండిన రొట్టె, బ్రెడ్డు, చపాతీ అడ్డం పడతాయి.

సకినాలు, గారెలు, సర్వపిండి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. సకినం కరకరలాడుతుంది, నోట్లో నలగ్గానే పొడై జారిపోతుంది. పది తిన్నా కడుపు నిండదు, నూనె మాత్రం ఒంటికి పడుతుంది. సంక్రాంతికి డబ్బా నిండా చేసుకునే ఇళ్లలో, ఆపరేషన్ అయినవారి చేతికి ఆ డబ్బా అందకుండా పెట్టడమే ఇంటివారు చేయగల ఉపకారం. సర్వపిండి మీద మనసుపోతే ఆరు నెలల తర్వాత, తక్కువ నూనెతో, పల్లీలు, శనగపప్పు ఎక్కువ వేసి, భోజనం తర్వాత చిన్న ముక్క.

ప్రొటీన్ లెక్క

రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అందాలి. చిన్న కడుపుతో ఇది మాటల్లో చెప్పినంత తేలిక కాదు గనుక లెక్క రాసుకోవాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 200 మిల్లీలీటర్ల పాలలో 6 నుంచి 7, ఉడికిన చికెన్ 60 గ్రాముల్లో దాదాపు 15, పనీర్ 40 గ్రాముల్లో 7, అరకప్పు గట్టి పప్పులో 5 లేదా 6, ప్రొటీన్ పొడి ఒక కొలతలో రకాన్ని బట్టి 20 నుంచి 25 గ్రాములు ఉంటాయి. పొద్దున గుడ్డు, పదకొండుకు ప్రొటీన్ పొడి కలిపిన పాలు, మధ్యాహ్నం చేపో చికెనో పప్పుతో, సాయంత్రం గట్టి పెరుగు, రాత్రి పనీరో పెసరట్టో తీసుకుంటే లెక్క 70 దగ్గరికి వస్తుంది.

శాకాహారులకు కష్టం ఎక్కువ, వారు మొదటి ఆరు నెలలు పొడి మీద ఆధారపడక తప్పదు. మీల్‌మేకర్ ఎండుదానిలో సగం బరువు ప్రొటీనే. నానబెట్టి, పిండి, సన్నగా తరిగి కూరలో వేయాలి, ముక్కలుగా వేస్తే స్పంజిలా ఉబ్బి అడ్డం పడుతుంది. బతుకమ్మ రోజుల్లో చేసే పల్లీ సత్తు, నువ్వుల సత్తును బెల్లం, చక్కెర లేకుండా దంచి పెట్టుకుంటే గట్టి పెరుగులో ఒక చెంచా కలుపుకోవచ్చు. నూనెగింజలు గనుక చెంచా దాటకూడదు. పాలు పడక కడుపు ఉబ్బరించేవారు డైటీషియన్‌ను అడిగి లాక్టోజ్ తక్కువగా ఉండే వే ఐసొలేట్ పొడికి మారవచ్చు.

నీళ్లు, చాయ్, కల్లు

భోజనంతో నీళ్లు వద్దన్నారని రోజంతా తాగకపోతే ఇంకో ప్రమాదం వస్తుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆపరేషన్ అయిన కొత్తలో ఆసుపత్రికి తిరిగి వెళ్లాల్సి వచ్చే సాధారణ కారణాల్లో ఒంట్లో నీరు తగ్గడం ఒకటి. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు గుక్కగుక్కగా లోపలికి వెళ్లాలి. అరలీటరు బాటిల్ పక్కనే పెట్టుకుని, పొద్దున లేచిన దగ్గర్నుంచి భోజనానికి అరగంట ముందు వరకు ఒకటి ముగించాలనే లెక్కతో సాగితే సరిపోతుంది. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే చాలడం లేదని అర్థం. స్ట్రాతో తాగితే గాలి లోపలికి పోతుంది. సోడా, కూల్‌డ్రింకులు వద్దు. చెరుకు రసం, పండ్ల రసాలు చక్కెర వల్ల వద్దు.

చాయ్ మొదటి నెల మానేసి, తర్వాత చక్కెర లేకుండా అరకప్పు తాగవచ్చు, ఐరన్ మాత్ర వేసుకునే వేళకు దూరంగా.

మద్యం విషయంలో మెతకగా మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఈ ఆపరేషన్ల తర్వాత, బైపాస్ తర్వాత మరీ ఎక్కువగా, మద్యం చాలా త్వరగా రక్తంలో కలుస్తుంది. ఇదివరకు సీసా తాగినా నిలబడ్డ మనిషి ఇప్పుడు ఒక్క గ్లాసుకే తూలిపోతాడు, వ్యసనంగా మారే అవకాశమూ పెరుగుతుంది. కల్లు చెట్టు నుంచి వచ్చింది గనుక ఫరవాలేదని అనుకోవద్దు, పులిసిన కల్లు మద్యమే. మొదటి ఏడాది ఏదీ ముట్టకూడదు. బీడీ, సిగరెట్టు కుట్ల దగ్గర పుండ్లు పుట్టిస్తాయి.

తీపి తిన్నాక వచ్చే డంపింగ్

మేడారం జాతర నుంచి వచ్చినవారు బంగారం అంటూ బెల్లం ప్రసాదం చేతిలో పెడతారు, కాదనడం ఎవరికైనా కష్టం. కళ్లకద్దుకుని చిటికెడు నాలుక మీద వేసుకుంటే చాలు, అమ్మవారి పట్ల అపచారం కాదు. అదే బెల్లం గడ్డ నమిలినా, రెండు పోలెలు తిన్నా, ముఖ్యంగా బైపాస్ వారిలో, తీపి ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగి నీటిని లోపలికి లాగుతుంది. పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనం వస్తాయి. దీన్ని డంపింగ్ సిండ్రోమ్ అంటారు. వచ్చినప్పుడు పడుకుని విశ్రాంతి తీసుకోవాలి, కాసేపటికి తగ్గుతుంది.

రెండో రకం ఒకటి నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది. ఇన్సులిన్ అవసరానికి మించి విడుదలై రక్తంలో చక్కెర పడిపోతుంది. చేతులు వణకడం, కళ్లు తిరగడం, మాట తడబడటం దాని గుర్తులు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే చూసుకుని, 70 కంటే తక్కువగా ఉంటే కొద్దిగా గ్లూకోజ్ తీసుకుని, కుదుటపడ్డాక ప్రొటీన్ ఉన్నదేదైనా తినాలి. ఇది మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టర్‌కు తప్పక చెప్పాలి. షుగరు, బీపీ మందులు వాడేవారు పాత మోతాదునే కొనసాగించకూడదు. తిండి తగ్గి బరువు దిగుతున్నకొద్దీ మోతాదులు మారాలి, ఆ మార్పు డాక్టర్ చేయాలి.

అడ్డం పడినప్పుడు, వాంతి అయినప్పుడు

ముద్ద అడ్డం పడితే నీళ్లు తాగి దించాలని చూడవద్దు, నొప్పి రెట్టింపవుతుంది. లేచి నెమ్మదిగా నడవాలి. వాంతి అయిపోతే ఆ పూటకు ఘనాహారం ఆపి, కొన్ని గంటలు గుక్కగుక్కగా ద్రవాలే తీసుకుని, మరుసటి రోజు మెత్తటి ఆహారంతో మొదలుపెట్టాలి. ఎప్పుడో ఒకసారి వాంతి కావడం తొందరగా తిన్నందుకో, సరిగా నమలనందుకో. రోజూ అవుతుంటే మాత్రం అలవాటు పడతామని ఊరుకోకూడదు. లోపల దారి ఇరుకై ఉండవచ్చు, వరుస వాంతులతో థయమిన్ అనే బి1 విటమిన్ పడిపోయి నడక తూలడం, చూపు రెండుగా కనబడటం, మతిమరుపు దాకా వెళ్లవచ్చు. అలాంటి మనిషికి ఆసుపత్రిలో గ్లూకోజ్ సెలైన్ ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వాలి, కాబట్టి బేరియాట్రిక్ ఆపరేషన్ అయిందని, వాంతులు ఎన్నాళ్ల నుంచి అవుతున్నాయో డ్యూటీ డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పండి.

మొదటి వారాల్లో జ్వరం, నాడి నిమిషానికి 120 దాటడం, కడుపునొప్పి పెరుగుతూ ఎడమ భుజానికి పాకడం, ఆయాసం, నల్లటి విరేచనం, పిక్క వాచి నొప్పెట్టడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూద్దామని ఆగకూడదు. ఆపరేషన్ హైదరాబాద్‌లో జరిగి, ఇల్లు ములుగులోనో భూపాలపల్లిలోనో ఉంటే, ఆపరేషన్ చేసినవారికి ఫోన్ చేస్తూనే దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికి డిశ్చార్జ్ కాగితాలతో బయలుదేరాలి.

మాత్రలు

తక్కువ తిండిలో అన్నీ దొరకవు గనుక విటమిన్ మాత్రలు జీవితాంతం ఉంటాయి. రోజుకో మల్టీవిటమిన్, కాల్షియం సిట్రేట్ 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒకేసారి కాకుండా 500 చొప్పున రెండు మూడు సార్లు, విటమిన్ డి, బి12, ఐరన్. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే కాల్షియం ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. నెలసరి వచ్చే ఆడవారికి ఐరన్ మోతాదు ఎక్కువ కావాలి. గర్భం 12 నుంచి 18 నెలలు వాయిదా వేయాలి. బైపాస్ అయినవారిలో గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు, వేరే పద్ధతి గురించి డాక్టర్‌ను అడగాలి. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి బైపాస్ తర్వాత కుట్ల దగ్గర పుండు చేస్తాయి. ఆయనకు ముందే చెప్పి ఉంచాలి. నొప్పికి పారాసెటమాల్ అడగాలి.

మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలడం మామూలే, తిండి సరిగా ఉంటే తిరిగి వస్తుంది.

దావత్‌లలో

నియమాలన్నీ ఇంట్లో బాగానే నడుస్తాయి, దావత్‌లోనే తప్పుతాయి. బంతిలో కూర్చోగానే ఆకు నిండా బగారా అన్నం పడుతుంది, పక్కనుంచి మేనత్త "గింతేనా బిడ్డా తినేది, ఇంకింత పెట్టిచ్చుకో, పెండ్లోళ్లు ఏమనుకుంటరు" అంటుంది. ఆమెది ప్రేమే, దానికి కోపంతో జవాబు చెప్పాల్సిన పనిలేదు. "అత్తమ్మా, డాక్టర్ ఇంతే తినుమన్నడు, ఎక్కువ తింటే ఇక్కడే వాంతైతది" అని ఉన్నమాట చెబితే ఎవరూ బలవంతం చేయరు. ఆపరేషన్ సంగతి అందరికీ చెప్పుకోవడం ఇష్టం లేనివారు, కడుపులో పుండు ఉందని సాకు చెప్పే బదులు, కడుపుకు చికిత్స జరుగుతోందని క్లుప్తంగా అంటే అబద్ధమూ కాదు.

బయలుదేరే ముందు ఇంట్లో గుడ్డో పెరుగో తిని వెళ్లండి. అక్కడ చికెన్ కూరలో మెత్తటి ముక్క ఒకటి రెండు తీసుకుని, నూనె వదిలేసి, నెమ్మదిగా నమలండి. చిన్న ప్లేటు అడిగి తీసుకుంటే ఆకులో అన్నం మిగిలిపోయిందన్న బాధ కూడా ఉండదు. ఇంటివారిలో ఒకరు పక్కన కూర్చుని వడ్డించేవారికి అడ్డుచెబితే ఎంతో తేలిక. నేను భార్యకో, కొడుక్కో, కోడలికో ఈ పని ముందే అప్పగిస్తాను, ఎందుకంటే తినే మనిషే ప్రతిసారీ వద్దు వద్దు అనాల్సి వస్తే అలసిపోయి ఒకసారి సరే అంటాడు.

ఆరు నెలల తర్వాత

ఆకలి మెల్లగా తిరిగి వస్తుంది, కడుపు కొద్దిగా సాగుతుంది, ఏడాది నాటికి మునుపటి భోజనంలో మూడో వంతు, కొందరు సగం దాకా తినగలుగుతారు. ఇది ఆపరేషన్ చెడిపోయిన గుర్తు కాదు. బరువు తిరిగి పెరిగేది ఎక్కువగా భోజనాల వల్ల కాదు, మధ్యలో చేతికి దొరికిన మురుకులు, బిస్కెట్లు, తీపి చాయ్ వల్ల. ఒకేసారి ఎక్కువ పట్టకపోయినా రోజంతా కొంచెం కొంచెంగా ఎంతైనా పడుతుంది. మూడు భోజనాలు, ఒకటి రెండు ప్రొటీన్ ఉపాహారాలు, వాటి మధ్య నీళ్లు తప్ప ఏమీ లేకుండా ఉండగలిగితే ఎక్కువ భాగం గెలిచినట్టే. నడకకు వరంగల్ కోట చుట్టూ దారి ఉన్నా, భద్రకాళి చెరువు కట్ట ఉన్నా, దానితో పాటు వారానికి రెండు రోజులు కండకు పని చెప్పే వ్యాయామం కూడా కావాలి.

మూడో నెల, ఆరో నెల, ఏడాదికి, ఆ తర్వాత ఏటా ఒకసారి రక్తపరీక్షలు చేయించుకోవాలి: హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, బి12, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, అల్బుమిన్, షుగరు. ఒంట్లో బాగుందని రెండో ఏడాది నుంచి పరీక్షలు మానేసేవారు చాలామంది. బి12 లోపం నరాల మీద పనిచేయడం మొదలయ్యేదీ తరచుగా ఆ తర్వాతే, అరికాళ్ల తిమ్మిరితో. పరీక్షకు వెళ్లేటప్పుడు గత వారం రోజుల్లో ఏం తిన్నారో, ఎన్ని నీళ్లు తాగారో, ఏ మాత్ర ఏ వేళకు వేసుకున్నారో రాసిన కాగితం తీసుకెళ్లండి. డైటీషియన్ మీ భోజనాన్ని సరిదిద్దేది దాన్ని చూసే.